సిఫర్ దాస్తాన్: మాటకు మాట కలపడానికి అయ్యే ఖర్చు

తారీఖ్ అనగానే మన ఇళ్లలో కోటలు, సుల్తానులు, ఫర్మానాలు గుర్తొస్తాయి. నేనూ ఎక్కువగా వాటి గురించే రాస్తుంటాను. ఈసారి రాస్తున్నది మాత్రం ఒక చిన్న సిఫర్ తారీఖ్. యాభై ఏళ్ల కిందట అమెరికాలోని ఒక లేబొరేటరీలో ఇద్దరు మనుషులు చేసిన ఫైసలా అది. ఆ ఫైసలా ఇవాళ మీ జేబులోని ఫోన్‌లోనూ ఇంట్లోని రౌటర్‌లోనూ పనిచేస్తూనే ఉంది. మన ఖాందాన్‌లలో ఇప్పుడు బీటెక్ చదివే పిల్లలకు కొదవ లేదు. వాళ్లు మొదటి ఏడాదిలోనే సీ భాష నేర్చుకుంటారు. అందులో రెండు మాటల్ని కలిపే పాఠం ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. స్ట్ర్‌క్యాట్ అని రాయండి, రెండు పేర్లు ఇవ్వండి, కలిసిపోతాయి, బస్. అలా కలపడానికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పాఠంలో ఉండదు.

ముందు సిఫర్ సంగతి. అరబీలో ఈ లఫ్జ్‌కు ఖాళీ అని అర్థం. యూరప్ వెళ్లాక ఒక దారిలో జీరో అయింది, ఇంకో దారిలో సైఫర్, అంటే రహస్య లిపి అయింది. అల్గారిథమ్ అనే మాట అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చిందని మన మహఫిళ్లలో ఎన్ని వందల సార్లు విన్నామో! దాన్ని మళ్లీ చెప్పుకుని ఛాతీ విరుచుకునే పని నేను పెట్టుకోను. హిసాబ్ చూద్దాం.

స్ట్రింగ్ అంటే అక్షరాల లడీ. మల్లెల లడీ, ముత్యాల లడీ అంటాం చూడండి, అలాంటిదే. కంప్యూటర్ మెమరీని వరసగా కట్టిన చిన్న చిన్న గదులు అనుకోండి. ఒక్కో గదిలో ఒక బైట్ పడుతుంది, అంటే 0 నుంచి 255 లోపు ఒక అంకె. అక్షరాలన్నీ అంకెలుగా మారి పక్కపక్క గదుల్లో కూర్చుంటాయి. మొదటి గది నంబరు తెలిస్తే లడీ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మరి ఎక్కడ ముగిసింది? అసల్ మస్‌లా ఇదే.

బట్టల దుకాణంలో తాను మీద ఒక చీటీ ఉంటుంది, ఇన్ని మీటర్లు అని. చీటీ చూస్తే చాలు, సేట్ లెక్క చెప్పేస్తాడు. చీటీ లేకుండా తాను చివరి అంచుకు ఒక ఎర్ర దారం మాత్రం కుట్టి ఉందనుకోండి. అప్పుడు ఎన్ని మీటర్లో తెలియాలంటే ఎర్ర దారం కనపడేదాకా తాను మొత్తం విప్పాల్సిందే. స్ట్రింగుల్ని దాచడానికీ ఈ రెండు దారులే ఉన్నాయి. ఒకటి ముందు చీటీ పెట్టడం, రెండోది చివర దారం కుట్టడం. సీ భాష దారాన్ని ఎంచుకుంది. ఆ ఎర్ర దారమే సిఫర్.

మొదట్లో చీటీయే ఉండేది. 1967లో కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్ అనే భాష తయారుచేశారు. అందులో స్ట్రింగ్‌కు ముందున్న బైట్‌లో అక్షరాల సంఖ్య రాసేవారు. న్యూజెర్సీలోని ముర్రే హిల్‌లో బెల్ ల్యాబ్స్ ఉండేది. అక్కడి కెన్ థామ్సన్ ఆ బీసీపీఎల్‌ను కుదించి, పీడీపీ-7 అనే చిన్న మిషన్‌లో ఇమిడేలా బీ అనే భాష చేశారు. ఆ మిషన్ మెమరీ మొత్తం 8 వేల పైచిలుకు పదాలు. ఒక్కో పదం 18 బిట్లు. ఇవాళ మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక ఈద్ ముబారక్ ఫొటో కూడా అందులో పట్టదు.

బీ భాషలో చీటీ పోయి దారం వచ్చింది. చివర్లో ఒక ప్రత్యేక గుర్తు పెట్టి, అక్కడితో మాట ముగిసిందన్నారు. తర్వాత డెన్నిస్ రిచీ బీని పెంచి, 1972 నాటికి సీ భాషగా నిలబెట్టినప్పుడు ఆ గుర్తు సిఫర్ బైట్ అయింది. ఈ మార్పు ఎందుకు చేశారో రిచీ 1993లో సీ భాష పుట్టుక గురించి రాసిన వ్యాసంలో చెప్పారు. సబబులు రెండు. చీటీ ఒక్క బైట్‌లో ఉంటే మాట పొడవు 255 దాటదు, ఆ హద్దు వద్దనుకున్నారు. లెక్కను ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉండటం కంటే చివర గుర్తు పెట్టడమే తమ అనుభవంలో సులువనిపించింది. ఇంతే. పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు.

పౌల్-హెన్నింగ్ క్యాంప్ అనే డెన్మార్క్ ప్రోగ్రామర్ 2011లో దీన్ని దునియాలోకెల్లా ఖరీదైన ఒక బైట్ గలతీ అని రాశారు. చీటీకి రెండు బైట్లు ఇచ్చి ఉంటే 65 వేల అక్షరాల దాకా సరిపోయేది కదా, ఒక్క బైట్ కంజూసీతో ఎంత నుక్సాన్ జరిగిందో చూడండి అని ఆయన వాదన. నాకు ఆ తీర్పు కాస్త ఘాటుగా అనిపిస్తుంది. యూనిక్స్ మొదట నడిచిన పీడీపీ-11లో ఉన్నదే 24 కిలోబైట్లు. అందులో సగం ఆపరేటింగ్ సిస్టమ్‌కే పోయేది. పైగా దారం పద్ధతిలో ఒక సుఖం ఉంది. పొడవైన మాటలో ఏ గది నంబరు ఇచ్చినా, అక్కడి నుంచి చివరిదాకా ఉన్నదంతా దానంతటదే ఇంకో స్ట్రింగ్ అవుతుంది. నకలు తీయనక్కర్లేదు. గరీబ్ ఇంట్లో సంసారం చేసినవాళ్లకే తెలుస్తుంది, ఒక్క గిన్నె మిగిలినా ఎంత మిగిలినట్టో. తప్పు వాళ్లది కాదని నేను అనను. కానీ మెమరీ వేల రెట్లు పెరిగిన తర్వాత కూడా అదే సంసారం నడిపినవాళ్లకు కూడా ఇందులో వాటా ఉంది.

ఇక కలపడం. రెండు స్ట్రింగులను కలపడానికి స్ట్ర్‌క్యాట్ ఉంది. 1979లో వచ్చిన ఏడో యూనిక్స్‌లో ఇది, పొడవు కొలిచే స్ట్ర్‌లెన్, వీటి తోబుట్టువులూ కనిపిస్తాయి. స్ట్ర్‌క్యాట్ చేసే పని ఇది. మొదటి మాట మొదటి గదిలో నిలబడి ఒక్కో గదీ చూస్తూ నడుస్తుంది. సిఫర్ కనిపించగానే ఆగుతుంది. ఆ సిఫర్‌ను తుడిచేసి, అక్కడి నుంచి రెండో మాటను ఒక్కో బైట్‌గా పేర్చి, చివర కొత్త సిఫర్ పెడుతుంది. ఒక్కసారి కలిపితే ఏ ఇబ్బందీ లేదు. అదే పని లూప్‌లో వెయ్యిసార్లు, లక్షసార్లు చేస్తేనే అసల్ ఖర్చు బయటపడుతుంది.

బీటెక్ మూడో ఏడాది చదువుతున్న మా భాంజీ ఆమధ్య ప్రాజెక్టు చేస్తూ నన్ను పట్టుకుంది. ఓటర్ల జాబితాలాంటి ఒక ఫైల్‌లోని తెలుగు పేర్లన్నీ ఒకే పొడవాటి స్ట్రింగ్‌గా కలపాలి.

"మామూ, వెయ్యి పేర్లిస్తే రెప్పపాటులో అవుతోంది. లక్ష ఇస్తే చాయ్ తాగి రావచ్చు. వంద రెట్లు పేర్లకు వంద రెట్లు టైమ్ పట్టాలి కదా?"

"కాగితం తీయి బేటీ, లెక్క వేద్దాం" అన్నాను. నాది తెలుగు డిగ్రీ. కూడికలు, గుణకారాలు మాత్రం ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ బెత్తం కింద నేర్చినవి, ఈ జన్మకు మరిచిపోను.

ఒక్కో పేరుకు సగటున 30 బైట్లు అనుకున్నాం. అంటే తెలుగులో పది గుర్తులు. అవి పదే ఎందుకయ్యాయో తర్వాత చెబుతాను. మొదటి పేరు కలిపేటప్పుడు నడక లేదు. రెండో పేరుకు 30 గదులు, మూడో పేరుకు 60, నాలుగో పేరుకు 90 నడవాలి. ఇలా వెయ్యి పేర్లకు నడక మొత్తం కలిపితే దాదాపు ఒకటిన్నర కోటి గదులు. నిజంగా రాయాల్సింది మాత్రం 30 వేల బైట్లే. లక్ష పేర్లకు వచ్చేసరికి రాయాల్సింది 30 లక్షల బైట్లు, నడక దాదాపు 15 వేల కోట్ల గదులు. పేర్లు వంద రెట్లు పెరిగితే నడక పదివేల రెట్లు పెరిగింది. పిల్ల కాసేపు కాగితం వైపే చూసింది.

ఈ మర్జ్‌కు ప్రోగ్రామర్ల లోకంలో ఒక పేరుంది. 2001లో జోయెల్ స్పోల్‌స్కీ అనే అమెరికన్ రచయిత దీన్ని ష్లెమీల్ అనే పెయింటర్ కథతో పోల్చారు. యూదుల పాత హాస్యంలో ష్లెమీల్ అంటే మన షేక్ చిల్లీ లాంటివాడు. రోడ్డు మధ్య గీతలు గీసే పనిలో చేరి, రంగు డబ్బాను మొదటి గీత దగ్గరే ఉంచి, ప్రతి గీతకూ కుంచె ముంచుకోవడానికి అక్కడిదాకా వెనక్కి నడుస్తాడు. మెహనత్‌కు లోటు లేదు, రోజురోజుకూ గీతలు మాత్రం తగ్గిపోతుంటాయి.

నాకు స్ట్ర్‌క్యాట్‌లో అన్నిటికంటే వింతగా అనిపించేది దాని జవాబు. పని పూర్తయ్యేసరికి అది కొత్త సిఫర్ పక్కనే నిలబడి ఉంటుంది. మాట ఎక్కడ ముగిసిందో ఆ క్షణంలో దానికి పక్కాగా తెలుసు. కానీ మనకు తిరిగి ఇచ్చేది మొదటి గది నంబరు. అది మనమే దానికి ఇచ్చినది! తెలిసిన సంగతి పారేసి, మనకు తెలిసిన సంగతే మనకు చెబుతుంది. జిల్లా విలేకరి ఘటనాస్థలానికి వెళ్లి వచ్చి, "సార్, మీరు నన్ను ఫలానా ఊరికి పంపారు" అని రిపోర్టు ఇచ్చినట్టు.

ఇలాజ్ కూడా అక్కడే ఉంది. చివరి గది నంబరును మనం దాచుకుంటే సరి. ఎస్‌టీపీకాపీ అనే ఫంక్షన్ మాటను నకలు చేసి, సిఫర్ ఉన్న గది నంబరే తిరిగి ఇస్తుంది. తర్వాతి మాటను నేరుగా అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. మంచి ఫంక్షనే, కానీ యూనిక్స్ కుటుంబపు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోకి వచ్చింది 2008లో. లేదా ఒక్కో మాట పొడవు ముందే తెలిస్తే, మెమ్‌కాపీతో అన్ని బైట్లను ఒక్క దెబ్బకు తీసుకెళ్లి పెట్టి, చివరి గది నంబరుకు ఆ పొడవు కలుపుకోవచ్చు. భాంజీ మార్చిన లైన్లు మూడో నాలుగో. లక్ష పేర్లకు నడక మాయమై, 30 లక్షల బైట్ల రాత మిగిలింది.

ఇంతవరకూ మాట్లాడింది టైమ్ నుక్సాన్. దానికంటే పెద్ద నుక్సాన్ ఇంకోటి ఉంది. స్ట్ర్‌క్యాట్ సిఫర్ కోసం వెతుకుతుంది గానీ, మొదటి మాట వెనక జగహ్ ఎంత మిగిలిందో అడగదు. పది గదులు ఖాళీ ఉంటే ఇరవై బైట్లు తెచ్చి పెట్టేస్తుంది. మిగతా పది పక్కింట్లో పడతాయి. ఆ పక్కింట్లో ఏముందన్నదే అసల్ ప్రశ్న. చాలాసార్లు అక్కడ, ఈ పని అయ్యాక ప్రోగ్రామ్ ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామా ఉంటుంది. దాన్ని ఎవరైనా కావాలని తమ చిరునామాతో చెరిపి రాస్తే? మిషన్ వాళ్లు చెప్పిన చోటికే వెళ్తుంది.

1988 నవంబర్ 2న సరిగ్గా అదే జరిగింది. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన పురుగు ప్రోగ్రామ్ ఇంటర్నెట్ మీద పడింది. లోపలికి దూరడానికి దాని దగ్గర కొన్ని దారులున్నాయి. వాటిలో ఒకటి ఫింగర్ అనే సర్వీసు. ఆ సర్వీసు గెట్స్ అనే ఫంక్షన్‌తో వచ్చిన మాటను చదివి 512 బైట్ల జాగాలో పెట్టేది. గెట్స్ కూడా స్ట్ర్‌క్యాట్ ఖాందానే, హద్దు అడగదు. పురుగు 536 బైట్లు పంపింది. పైన పొర్లిన 24 బైట్లలో చిరునామా మారిపోయింది. అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు 6 వేల మిషన్లు చిక్కుకున్నాయన్న అంచనా నేటికీ చెప్పుకుంటారు. ఆ కుర్రాడి వాలిద్ పేరు కూడా రాబర్ట్ మోరిసే. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మీద ఏళ్ల తరబడి పనిచేసి, అప్పటికి అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా కేంద్రంలో పెద్ద సైంటిస్టుగా ఉన్నారు. ఇంతకంటే తిరకాసు కథ నవలలో రాస్తే నమ్మరు. 1990లో కుర్రాడికి శిక్ష పడింది. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, పదివేల డాలర్ల పైన జుర్మానా. గెట్స్‌కు శిక్ష పడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. దాన్ని సీ భాష ప్రమాణం నుంచి తీసేసింది 2011లో. ఆ తర్వాత కూడా మన కాలేజీ ల్యాబుల్లో, పాత టర్బో సీ నీలి తెర మీద, పిల్లలు గెట్స్ రాస్తూనే ఉన్నారు. నేను కళ్లారా చూశాను.

మరి హద్దు అడిగే ఫంక్షన్లు లేవా? ఉన్నాయి, వాటి కథ ఇంకో గందరగోళం. స్ట్ర్‌ఎన్‌క్యాట్ ఒక అంకె అడుగుతుంది. అందరూ అది మొత్తం జాగా సైజు అనుకుంటారు. కాదు, కొత్తగా చేర్చే బైట్ల హద్దు అది. పైగా ఆ అంకె మీద ఇంకో బైట్ సిఫర్‌కు కావాలి. దాని అన్న స్ట్ర్‌ఎన్‌కాపీ ఇంకా విచిత్రం. మాట హద్దుకు సరిగ్గా సరిపోతే చివర సిఫరే పెట్టదు. అది పాత యూనిక్స్‌లో ఫైళ్ల పేర్లు దాచే 14 బైట్ల గళ్ల కోసం పుట్టినది. ఆ గళ్లలో సిఫర్ తప్పనిసరి కాదు. ఒక పని కోసం పుట్టినదాన్ని ఇంకో పనికి వాడితే వచ్చే బద్నామే దానిది.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే సిస్టమ్‌లో టాడ్ మిల్లర్, థియో డి రాట్ ఇద్దరూ స్ట్ర్‌ఎల్‌కాపీ, స్ట్ర్‌ఎల్‌క్యాట్ తెచ్చారు. వీటికి మొత్తం జాగా ఎంతో చెబితే చాలు. హద్దు దాటవు, సిఫర్ పెడతాయి. అంతా పట్టి ఉంటే పొడవు ఎంతయ్యేదో తిరిగి చెబుతాయి కాబట్టి మాట తెగిందో లేదో తెలుసుకోవచ్చు. మంచిదే కదా? లైనక్స్‌లో అందరూ వాడే గ్లిబ్‌సీ లైబ్రరీ మాత్రం ఇన్కార్ చేసింది. దాన్ని అప్పట్లో నడిపిన ఉల్రిచ్ డ్రెపర్ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. పొడవులు తెలిసినవాడు మెమ్‌కాపీ వాడుకుంటాడు, తెలియనివాడి మాటను చప్పుడు కాకుండా కత్తిరిస్తే గలతీ దాక్కుంటుంది తప్ప పోదు అన్నది ఆ వాదన సారాంశం. కానీ అదే జిద్ద్ ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. ఈలోగా ఎంతోమంది ఆ రెండు ఫంక్షన్లను ఎవరి ప్రోగ్రామ్‌లో వాళ్లు సొంతంగా రాసుకున్నారు. చివరికి 2023 ఆగస్టులో గ్లిబ్‌సీ 2.38తో అవి వచ్చాయి. రెండు ఫంక్షన్ల కోసం పాతికేళ్లు! మన వక్ఫ్ కేసులే నయం అనిపించింది.

కత్తిరించడం అన్నాను కదా, ఇక్కడే కథ మన జుబాన్ దగ్గరికి వస్తుంది.

ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. దునియాలోని లిపులన్నిటికీ యూనికోడ్ నంబర్లు ఇచ్చినప్పుడు అది చాలలేదు. అక్షరానికి రెండు బైట్లు ఇద్దామన్నారు. అయితే ఇంగ్లిష్ అక్షరాలకూ, మాటల మధ్య పెట్టే ఖాళీకీ ఆ రెండింటిలో ఒకటి సిఫర్ అవుతుంది. సీ ప్రోగ్రామ్ సిఫర్ చూడగానే మాట అయిపోయిందనుకుంటుంది. అప్పటికే ఊరంతా సీ ప్రోగ్రాములే. 1992 సెప్టెంబర్‌లో న్యూజెర్సీలో ఒక చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్న కెన్ థామ్సన్, రాబ్ పైక్‌తో మాట్లాడుతూ పళ్లెం కింద పరిచే కాగితం మీద దీనికి పరిష్కారం గీశారు. అదే యూటీఎఫ్-8. ఇందులో సిఫర్ బైట్ సిఫర్‌కు తప్ప ఏ ఇతర అక్షరంలోనూ రాదు. గమనించారా, బీ భాషలో చీటీ తీసి దారం కుట్టిన థామ్సనే ఇరవై ఏళ్ల తర్వాత, ఆ దారం తెగకుండా దునియా లిపులన్నీ అందులో గుచ్చే మార్గం కూడా చూపించారు. ఈ తెలుగు పేజీ మీ ఫోన్‌లోకి వచ్చింది ఆ మార్గానే.

యూటీఎఫ్-8లో ఉర్దూ హర్ఫ్‌కు రెండు బైట్లు, తెలుగు గుర్తుకు మూడు. ఉర్దూ సలాంలో సీన్, లామ్, అలిఫ్, మీమ్, మొత్తం నాలుగు హర్ఫ్‌లు, 8 బైట్లు, సిఫర్‌తో 9. తెలుగులో "సలాం" అంటే స, ల, దీర్ఘం, సున్న, మొత్తం నాలుగు గుర్తులు, 12 బైట్లు, సిఫర్‌తో 13. భాంజీ లెక్కలో 30 బైట్లకు పది గుర్తులు వచ్చింది ఇలాగే. ఇంగ్లిష్ పేరుకు సరిపోతుందని ఎవరో పెట్టిన 20 గదుల్లో మన పేరు సగమే పడుతుంది. ఫారాల మీద, రసీదుల మీద పేరు తోక తెగి ఉండటం చూడని ఇల్లుందా?

తెగితే పోనీ, సరైన చోట తెగదు. 100 బైట్ల హద్దు పెడితే 33 తెలుగు గుర్తులు పడి, 34వ దాని మొదటి బైట్ ఒక్కటే మిగులుతుంది. ఆ ముక్క ఏ అక్షరమూ కాదు. తెర మీద ప్రశ్నార్థకంతో నల్ల డైమండ్ కనిపిస్తుందే, అది ఆ ముక్కే. యూటీఎఫ్-8 దీనికీ దారి ఉంచింది. అక్షరం మొదటి బైట్ వేరు, వెనక వచ్చే బైట్లు వేరు అని చూడగానే తెలుస్తుంది. కాబట్టి కోసే ముందు ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి, తల ఉన్న చోట కోయవచ్చు. అయినా "క్షీ"లో నాలుగు గుర్తులున్నాయి, 12 బైట్లు. మధ్యలో గుర్తుల హద్దు మీదే కోసినా క్షీ కాస్తా క్‌ అయి కూర్చోవచ్చు. దీనికి స్ట్ర్‌ఎల్‌క్యాట్ దగ్గర జవాబు లేదు. అది బైట్లను లెక్కపెడుతుంది, అక్షరాలను ఎరగదు.

కలిపినప్పుడూ మనకొక ప్రత్యేక తంటా ఉంది. డిగ్రీలో చిన్నయసూరి బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం చదివినవాణ్ని కాబట్టి, రెండు మాటలు కలిస్తే మధ్యలో అచ్చు లోపించడం, హల్లు మారడం నాకు సహజంగా తోస్తుంది. కంప్యూటర్ సంధి చేయదు, బైట్లను పక్కపక్కన పెడుతుంది, అంతే. కానీ తెర మీద లిపి తనంతట తానే సంధి చేస్తుంది! మన ఉర్దూ లఫ్జ్‌లు చాలావరకు పొల్లుతో ముగుస్తాయి. కితాబ్, దోస్త్, ఇల్మ్. "కితాబ్" 18 బైట్లు, "లో" 6 బైట్లు. ఊరికే కలిపితే 24 బైట్లు, తెర మీద "కితాబ్లో" అని బకారానికి ల వత్తు వచ్చి కూర్చుంటుంది. మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడితేనే "కితాబ్‌లో" అని విడిగా నిలుస్తుంది. ఆ కనపడని గుర్తుకూ మూడు బైట్లు, మొత్తం 27. జాగా కొలిచినవాడు దీన్ని మరిచిపోతే హద్దు దాటడం ఖాయం. ఉర్దూలోనూ ఇంతే. మధ్య ఖాళీ పెట్టకుండా రెండు మాటలు కలిపితే, మొదటి మాట చివరి మీమ్ రెండో మాట మొదటి హర్ఫ్‌తో చేయి కలిపి రూపం మార్చుకుంటుంది. అలిఫ్, దాల్, రే, వావ్ అయితే తర్వాతి హర్ఫ్‌తో కలవవు, వాటి దగ్గర ఈ గొడవ లేదు.

ముందే పొడవు తెలియకపోతే ఏం చేయాలన్నది చివరి ముడి. అందరూ మొదట చేసేది, జాగా నిండగానే కొంచెం పెంచడం. 100 గదులు నిండితే ఇంకో 100. పెంచిన ప్రతిసారీ పాత సామానంతా కొత్త ఇంటికి మోయాల్సి రావచ్చు, మళ్లీ షేక్ చిల్లీ లెక్కే. దానికి బదులు నిండినప్పుడల్లా రెట్టింపు జాగా తీసుకోవాలి. 64 నిండితే 128, అది నిండితే 256. అప్పుడు మోతలన్నీ కలిపినా చివరి జాగా సైజును మించవు. కొంత జాగా ఖాళీగా ఉంటుంది, ఆ ఇస్రాఫ్‌ను ఒప్పుకోవాల్సిందే. అసలు కలపకుండానే పని జరుపుకునే దారీ ఉంది. 1983 నాటి 4.2బీఎస్‌డీలో వచ్చిన రైట్‌వీ అనే పిలుపుకు ముక్కల జాబితా ఇస్తే, వాటిని ఎక్కడివక్కడే ఉంచి వరసగా బయటికి పంపుతుంది. వార్తాపత్రిక డెస్కు మీద వార్తలన్నీ తిరిగి టైపు చేయకుండా వరస మాత్రం రాసి పేజీకి పంపినట్టు.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకు 2021 సంగతి ఒకటి. గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ అని మన పిల్లలకు బాగా తెలిసిన ఆట. మొదలవడానికి నిమిషాల తరబడి పట్టేది, ఏళ్ల తరబడి అందరూ ఓర్చుకున్నారు. ఆ ఏడాది ఒక ప్రోగ్రామర్ బయటి నుంచే తవ్వి చూశాడు. ఆట మొదట్లో సుమారు 63 వేల వస్తువుల జాబితాను, 10 మెగాబైట్ల ఒకే స్ట్రింగ్‌గా చదువుతోంది. ఒక్కో ముక్క చదివినప్పుడల్లా, లోపల దాక్కున్న స్ట్ర్‌లెన్ సిఫర్ కోసం ఆ స్ట్రింగ్ చివరిదాకా నడుస్తోంది. జాబితాలో రెండుసార్లు వచ్చిన వస్తువులు ఉన్నాయా అని వెతికే తీరులో ఇంకో మస్‌లా ఉంది. రెండూ సరిచేస్తే తన మిషన్‌లో టైమ్ దాదాపు 70 శాతం తగ్గిందని చూపించాడు. కంపెనీ ఒప్పుకుని సరిచేసింది, అతనికి 10 వేల డాలర్ల ఇనామ్ ఇచ్చింది.

రెడిస్ అనే డేటాబేస్‌ను 2009లో తెచ్చిన ఇటలీ ప్రోగ్రామర్ సాల్వతోరె సాన్‌ఫిలిప్పో తన స్ట్రింగులకు వేరే ఏర్పాటు చేసుకున్నారు. లడీకి ముందు ఒక చీటీ ఉంటుంది. అందులో పొడవు ఎంతో, జాగా ఎంతో రాసి ఉంటుంది. కలపాలంటే నడక అక్కర్లేదు, చీటీ చూసి నేరుగా చివరికి వెళ్లవచ్చు. జాగా చాలకపోతే ఒక మెగాబైట్ దాకా రెట్టింపు చేస్తుంది, ఆ పైన ఒక్కో మెగాబైట్ ఎక్కువ తీసుకుంటుంది. లడీ చివర మాత్రం ఆయన కూడా సిఫర్ పెడతారు, పాత సీ ఫంక్షన్లకు ఇవ్వాల్సి వస్తే అక్కరకొస్తుందని.